పక్కింటివాళ్ళకు మనింట్లో పెట్టుకునే పేర్లు: అవి వాళ్ళ చెవిన పడితే ఏం చేయాలి?

నీలగిరి_పోర్షన్ | బుధవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పది రోజుల నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతున్న విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలనిపించింది.

మాది హాలియా దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం కోసం రెండేళ్ళ కింద నల్లగొండకు వచ్చి, పానగల్లు రోడ్డు వైపు ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. బిల్డింగులో ఆరు కుటుంబాలు. వచ్చిన కొత్తలో ఎవరి పేరూ తెలియదు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏదో ఒక గుర్తు కావాలి కదా, అట్లా పేర్లు పుట్టాయి. రోజూ పొద్దున పాత స్కూటర్‌కు పది నిమిషాలు కిక్కు కొట్టే ఆయన 'స్కూటర్ సార్'. గేటు నిండా ముగ్గేసే పెద్దామె 'ముగ్గు అమ్మమ్మ'. రాత్రి మూడుసార్లు కిందికి దిగి గేటు తాళం చూసుకునే ఆయన 'తాళం తాత'. మా పైన ఉండే ఆమె తెల్లవారుజామున ఐదింటికి గ్రైండర్ వేస్తారు. మా పడకగది మీదనే వాళ్ళ వంటగది. ఆమె 'గ్రైండర్ ఆంటీ'.

మా పాపకు ఐదేళ్ళు. పోయిన వారం మెట్ల దగ్గర ఆమె ఎదురైతే పాప సంతోషంగా, "అమ్మా, గ్రైండర్ ఆంటీ వచ్చింది" అని అరిచింది. ఆమె ఒక్క క్షణం నిలబడి, పాప తల నిమిరి, ఏమీ అనకుండా పైకి వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి గ్రైండర్ సప్పుడు లేదు. రెండు రోజుల కింద చెత్త బండికి వేసేటప్పుడు చూస్తే, వాళ్ళ బకెట్‌లో దుకాణంలో అమ్మే ఇడ్లీ పిండి ప్యాకెట్ కవర్లు ఉన్నాయి. అవి చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇప్పుడు ఐదింటికి ఏ సప్పుడూ లేకుండానే మెలకువ వస్తోంది.

నేనేం చేయాలి? వెళ్ళి క్షమాపణ అడగాలా? వినలేదన్నట్టుగా ఆమె ఊరుకున్నారు కాబట్టి నేనూ ఊరుకోవాలా?

మిల్లు_అన్న_మిర్యాలగూడ | బుధవారం, రాత్రి 10.15

చెల్లెమ్మా, ఇంత టెన్షన్ పడకు. మన జిల్లాలో పెట్టుడు పేరు లేని మనిషి ఉన్నాడా?

మా ఊళ్ళో ఒక్క వాడకట్టులోనే నలుగురు యాదయ్యలు, ఐదుగురు సైదులు. ఎందుకంటే పిల్లలు నిలవకపోతే, జబ్బు చేస్తే మనవాళ్ళు యాదగిరిగుట్టకో, జాన్‌పహాడ్ దర్గాకో మొక్కుకునేవాళ్ళు. నర్సింహస్వామికి మొక్కితే యాదగిరి, యాదయ్య, యాదమ్మ. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కితే సైదులు, సైదమ్మ, జానయ్య. హిందువుల ఇళ్ళలో సైదులు అనే పేరు ఇంత విరివిగా ఉండడం చూసి బయటి జిల్లాల వాళ్ళు ఆశ్చర్యపోతారు.

మరి "సైదులును పిలువు" అంటే ఐదుగురిలో ఎవరు? అందుకే మోటరు సైదులు, పాల సైదులు, కట్టమీది సైదులు, బక్క సైదులు, మిల్ట్రీ సైదులు. నేను పనిచేసే మిల్లులో హమాలీల లెక్క పుస్తకంలో కూడా అవే పేర్లు రాస్తాం. పాల సైదులు బర్రెలను అమ్మేసి పదేళ్ళయింది. ఇప్పటికీ పాల సైదులే. తన కొడుకు పెళ్ళి పత్రికలో బ్రాకెట్‌లో ఆయనే వేయించుకున్నాడు, లేకపోతే పత్రిక ఎవరిదో తెలియదని.

పేరు పెట్టడం తప్పు కాదు.

దేవరకొండ_టీచరమ్మ | బుధవారం, రాత్రి 10.52

మిల్లు అన్నా, మీరు చెప్పింది నిజమే, కానీ ఈ అమ్మాయి బాధ అది కాదనుకుంటాను. పాల సైదులును అందరూ ముఖం మీదే "పాల సైదులన్నా" అని పిలుస్తారు, ఆయన పలుకుతాడు. ఆ పేరు ఆయనది. తలుపేసుకుని మనం పిలుచుకునే పేరు ఆ మనిషికి తెలియదు. తెలియని పేరు ఆయనది ఎట్లా అవుతుంది? అది మన ఇంటిది.

ముప్పై ఏళ్ళుగా చిన్న పిల్లలకు చదువు చెప్తున్నాను. ఐదారేళ్ళ పిల్లలకు ఇంటి మాట, వీధి మాట అనే తేడా ఉండదు. నాకు తెలిసి ఆ వయసులో ఏ పిల్లా ఎగతాళిగా పేరు పిలవదు. ఇంట్లో అదే పేరు విన్నది, అదే నిజమైన పేరు అనుకుంది. మా బడిలో ఒక పిల్లవాడు పక్కింటి ముసలాయనను "దగ్గు తాతా" అని ప్రేమగా పిలుస్తూ ఆయన చెయ్యి పట్టుకుని బడికి వచ్చేవాడు. ఆయన పలికేవాడు కూడా. కానీ ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన దగ్గు ఆపుకోవడానికి గొంతు పట్టుకోవడం నేను చూశాను. పిల్లవాడికి అది కనిపించలేదు.

పాపను మాత్రం తిట్టకండి.

నీలగిరి_పోర్షన్ | బుధవారం, రాత్రి 11.05

తిట్టలేదు టీచరమ్మా. కానీ "అట్లా అనొద్దు" అన్నాను. "మరి ఆంటీ పేరేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళయింది, నాకు ఆమె పేరు తెలియదు.

పాలమూరు_వలస_బిడ్డ | గురువారం, ఉదయం 6.30

రాత్రి ఈ చర్చ చదివి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. మా అమ్మ గురించి రాస్తాను.

ముందు ఒక మాట. మా దిక్కు ఊరికే రెండు పేర్లు. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. 130 ఏళ్ళు దాటినా మా నోట వచ్చేది పాలమూరే. మనుషులకూ అంతే. మా నాయన పనికోసం బొంబాయి పోయి వచ్చాడు, 'బొంబాయాయన' అయ్యాడు. తర్వాత ఎన్నో ప్రాజెక్టుల కాలువల మీద మట్టి పని చేశాడు, ఎన్నో ఊళ్ళు తిరిగాడు. అయినా ఆ మొదటి పేరే మిగిలింది. ఆయనకు అది ఇష్టం కూడా. బొంబాయి చూసినవాడు అని ఒక విలువ.

అమ్మ సంగతి వేరు. మన దగ్గర కోడలు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరుతో పిలుస్తారు కదా. అమ్మ పుట్టిల్లు దేవరకద్ర దిక్కు. వాడకట్టుకు ఆమె 'దేవరకద్రామె'. అత్తకు 'పెద్దకోడలు'. పిల్లలు పుట్టినాక నా పేరు చెప్పి 'ఫలానా వాళ్ళమ్మ'. నాయన ఆమెను పేరు పెట్టి పిలవడం నేను ఒక్కసారి కూడా వినలేదు. "ఏమే", "ఇగో", అంతే. ఆమె పేరు ఓటరు కార్డు మీద, రేషన్ కార్డు మీద, నా బడి సర్టిఫికెట్ మీద తప్ప ఎక్కడా లేదు.

అమ్మ పోయినాక దశదిన కర్మకు ఫ్లెక్సీ వేయించి గల్లీ మొదట్లో కట్టాం. ఫోటో పాతది, ఆమె వయసులో ఉన్నప్పటిది. కింద పేరు పెద్దక్షరాల్లో. అమ్మతో కలిసి నలభై ఏళ్ళు నీళ్ళు మోసిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి చదివించుకుని, "ఎవరీమె? ఎవరింట్ల పోయిన్రు?" అని నన్నే అడిగారు.

అందుకే అక్కా, ముందు ఆమె పేరు అడుగు. క్షమాపణ తర్వాత.

చావడి_నిర్వాహకులు | గురువారం, ఉదయం 9.00

మంచి చర్చ నడుస్తోంది. ఒక్క విన్నపం. ఎవరి అసలు పేర్లూ, ఇంటి నంబర్లూ, గుర్తుపట్టే ఆనవాళ్ళూ రాయకండి. పక్కింటివాళ్ళు కూడా ఇక్కడ చదువుతూ ఉండవచ్చు.

మునుగోడు_మట్టి | గురువారం, మధ్యాహ్నం 1.20

పాలమూరు తమ్ముని పోస్టు చదివి నేను కూడా రాస్తున్నాను. చాలా ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మాది ఫ్లోరైడ్ ఊరు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్ళు గారలు పట్టడం అందరికీ ఉంది. మా బాబాయికి మాత్రం చిన్నప్పటి నుంచే కాళ్ళు వంగిపోయాయి. నడుము కూడా నిలబడలేదు.

మా ఇంటికి రెండిళ్ళ అవతలి వాళ్ళు వాళ్ళింట్లో ఆయనకు ఒక పేరు పెట్టుకున్నారు. ఆ మాట ఇక్కడ రాయను. ఎవరూ ఆయన ముఖం మీద అనలేదు. కానీ వేసవిలో అందరూ ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే రోజులు అవి. రాత్రిపూట గొంతు తగ్గించినా మాట వినబడుతుంది. బాబాయి విన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేశాడు. దుకాణానికి వెళ్ళాలంటే చింతచెట్టు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఆ కాళ్ళతో. మామూలుగా నాలుగడుగులు కూడా కష్టమయ్యే మనిషి, ఆ నాలుగు మాటలు తప్పించుకోవడానికి నలభై అడుగులు ఎక్కువ నడిచేవాడు.

ఇప్పుడు మా ఊరికి నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కొత్తగా పుట్టిన పిల్లలు నిటారుగా నడుస్తున్నారు, అది చూస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయి. బాబాయి కాళ్ళు మాత్రం అట్లనే ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఆయన ఇంకా చింతచెట్టు చుట్టూ తిరిగే వెళ్తాడు.

గ్రైండర్ పేరు అంత పెద్దది కాదు అక్కా. అది పని మీద పెట్టిన పేరు, ఒంటి మీద పెట్టింది కాదు. అయినా ఆమె విన్నారు. విన్నాక ఏదో ఒకటి మానేశారు. అదే నన్ను ఆపింది.

కోర్టు_కాగితం_సూర్యాపేట | గురువారం, సాయంత్రం 7.10

మునుగోడు అన్నకు నమస్కారం. చట్టం సంగతి ఒక్క మాట చెప్తాను, ఎందుకంటే చాలామందికి తెలియదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ఉంది. అంగవైకల్యం ఉన్న మనిషిని నలుగురూ చూసే చోట కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. అట్లాగే కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మన ఊళ్ళలో పెట్టుడు పేర్లలో సగం ఒంటి మీద పెట్టినవి, ఇంకొన్ని కులం మీద పెట్టినవి. "ఊరంతా అట్లనే పిలుస్తరు" అనేది కోర్టులో జవాబు కాదు.

ఇంట్లో నలుగురు అనుకునే మాటకు ఈ సెక్షన్లు సాధారణంగా రావు. కానీ ఇంట్లో మొదలైన పేరు మెట్ల మీదికి రావడానికి ఒక పిల్ల చాలు, చూశాం కదా.

గద్వాల_జరీ | గురువారం, రాత్రి 10.30

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, అందుకే రాస్తున్నాను. చాటుగా పెట్టుకునే పేర్లు అన్నీ చెడ్డవి కావు. ఒక్కోసారి అవి మనల్ని కాపాడతాయి.

మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళం. మా గల్లీలో ఒకాయన ఉండేవాడు, పెద్దమనిషే, నాయనకు తెలిసినవాడు. మేము నీళ్ళకు వెళ్ళినా, మగ్గం దగ్గరికి నూలు తీసుకుపోయినా అరుగు మీద కూర్చుని చూసే చూపు మంచిది కాదు. అమ్మకు చెప్దామంటే మాటలు లేవు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలం, ఏమని చెప్తాం? మేము ఆయనకు 'మబ్బు' అని పేరు పెట్టుకున్నాం. "మబ్బు పట్టింది" అంటే ఆయన అరుగు మీద ఉన్నాడు, ఇంకో గల్లీ నుంచి రా అని అర్థం. అందరి ముందు, నాయన ముందు కూడా ఆ మాట అనుకునేవాళ్ళం, ఎవరికీ తెలిసేది కాదు.

ఒకరోజు ఎర్రటి ఎండలో చిన్నచెల్లె పరుగెత్తుకొచ్చి "మబ్బు, మబ్బు" అని ఏడ్చింది. అప్పుడు అమ్మకు అనుమానం వచ్చి కూర్చోబెట్టి అడిగింది. ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం చెప్పగలిగాం. ఆ పేరే లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలిసేది కాదు.

కాబట్టి ఇళ్ళలో పిల్లలు ఎవరికైనా వింత పేరు పెట్టి పిలుచుకుంటుంటే ఊరికే గద్దించకండి. ఎందుకు పెట్టారో అడగండి.

దేవరకొండ_టీచరమ్మ | గురువారం, రాత్రి 10.48

గద్వాల అమ్మా, మీరు రాసింది రేపు మా స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపిస్తాను. నేను ఈ వైపు ఆలోచించలేదు.

అచ్చంపేట_అడవి | శుక్రవారం, ఉదయం 8.00

ఫోన్‌లో పేర్ల సంగతి కూడా చూసుకోండి. మా కింది పోర్షన్ ఆమె నంబర్‌ను మా ఇంట్లో 'నీళ్ళ లొల్లి' అని పెట్టుకున్నాం. ఆమె మా ఇంట్లో కూర్చుని, తన ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయానని, "ఒకసారి రింగ్ ఇవ్వు వదినా" అన్నది. నేను రింగ్ ఇచ్చాను. స్క్రీన్ ఆమె పక్కనే వెలిగింది. మాటలైతే ఉన్నాయి, రాకపోకలు లేవు ఇప్పుడు.

మిల్లు_అన్న_మిర్యాలగూడ | శుక్రవారం, మధ్యాహ్నం 2.15

నేను మొదట తేలిగ్గా రాశాను, ఇవన్నీ చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నీలగిరి చెల్లెకు ఒకటే చెప్తాను. వెళ్ళి "మీకు గ్రైండర్ ఆంటీ అని పేరు పెట్టినం, క్షమించండి" అంటే ఆమె ఆ మాట రెండోసారి వినాలి. మన దగ్గర అట్లా కూర్చోబెట్టి క్షమాపణ అడగడం అలవాటు లేదు. గిన్నె పట్టుకుని వెళ్తాం, అంతే.

కోర్టు_కాగితం_సూర్యాపేట | శుక్రవారం, మధ్యాహ్నం 2.40

అన్నా, ఇందులో నేను మీతో ఏకీభవించను. గిన్నె పట్టుకుని వెళ్తే మన మనసు తేలికవుతుంది. ఆమెకు నోటి మాట కావాలేమో.

దేవరకొండ_టీచరమ్మ | శుక్రవారం, రాత్రి 9.20

నాకొకటి తోచింది. ఎల్లుండి పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. ఐదో రోజు అట్ల బతుకమ్మ, ఆ రోజు అట్లే నైవేద్యం. అట్లకు పిండి కావాలి. బియ్యం, మినప్పప్పు నానబెట్టుకుని ముందురోజు ఆమె దగ్గరికి తీసుకుపో. "మా మిక్సీలో ఇంత పిండి కాదు, మీ గ్రైండర్‌లో వేసుకోవచ్చా" అని అడుగు. ఏ వస్తువు పేరుతో ఆమె నొచ్చుకున్నారో దాన్నే సాయంగా అడిగినట్టు ఉంటుంది. తర్వాత నోటి మాట చెప్పాలనిపిస్తే అక్కడే వస్తుంది.

ఆ మర్నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు, బతుకమ్మ పేర్చరు. ఆ లోపలే వెళ్ళు.

నీలగిరి_పోర్షన్ | శుక్రవారం, రాత్రి 9.55

మేము మొదటి రోజు, సద్దుల రోజే బతుకమ్మ ఆడతాం, నడుమ రోజులు చేయం. ఈసారి అట్లు చేస్తాను. బుధవారం వెళ్తాను.

పాలమూరు_వలస_బిడ్డ | గురువారం, ఉదయం 7.05

అక్కా, వెళ్ళినవా?

నీలగిరి_పోర్షన్ | గురువారం, రాత్రి 10.10

వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న సాయంత్రం గిన్నె పట్టుకుని పాపతో కలిసి పైకి వెళ్ళాను. ఆమె తలుపు తీసి గిన్నె చూసి, లోపలికి రమ్మన్నారు. గ్రైండర్ మీద గుడ్డ కప్పి ఉంది. టీచరమ్మ చెప్పినట్టే అడిగాను. ఆమె గుడ్డ తీసి, రాయి కడిగి, పప్పు వేశారు. అది తిరుగుతుంటే ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. సప్పుడు ఆగాక నేనే అన్నాను, "ఆ రోజు పాప అన్నది మీరు విన్నారు కదా."

"విన్న" అన్నారు.

నేను ఏడ్చేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది, మరిచిపోకముందే రాస్తున్నాను: "పేరు పెట్టినందుకు కాదు బిడ్డా. రెండేండ్ల సంది మీ నిద్ర చెడగొడుతున్న, నాకొక్క మాట చెప్పకపోతివి. ఆరింటికి నల్లా వస్తది, నీళ్ళు పట్టి ఏడున్నరకు పనికి పోవాలె. అందుకని ఐదింటికి ఏస్తున్న. చెప్తే రాత్రి ఎనిమిదికే ఏసుకుందు గద."

నిజమే. రెండేళ్ళలో ఒక్కసారి పన్నెండు మెట్లు ఎక్కి చెప్పి ఉంటే ఆ పేరు పుట్టేదే కాదు. ఆమెతో మాట్లాడాల్సిన మాటను మేము మా ఇంట్లో పేరు చేసుకుని వాడుకున్నాం.

ఆమె పేరు అడిగాను. చెప్పారు. నిర్వాహకులు అన్నట్టు ఇక్కడ రాయను. చాలా అందమైన పేరు. పాప వెంటనే దాన్ని రెండుసార్లు అని చూసుకుంది. "పేరు పెట్టి పిలవద్దు, పెద్దమ్మ అను" అని నేను అంటే, ఆమె "అననియ్యి, ఎవరన్నా అనాలె గద" అన్నారు.

ఇవాళ అట్లు వాళ్ళింట్లోనే పోశాం.

పాలమూరు_వలస_బిడ్డ | గురువారం, రాత్రి 10.31

చాలా సంతోషం అక్కా. మా అమ్మ పేరు కూడా అందమైనదే.

మునుగోడు_మట్టి | శుక్రవారం, ఉదయం 6.50

దసరా నాడు జమ్మి ఇవ్వడానికి బాబాయి దగ్గరికి వెళ్తాను. ఈసారి ఆయనను పాత దారిలోనే, ఆ ఇంటి ముందు నుంచే నడిపించుకుని వద్దామని ఉంది. వస్తాడో లేదో.

నీలగిరి_పోర్షన్ | దసరా తర్వాత, శుక్రవారం, రాత్రి 9.15

ఇంకొకటి చెప్పాలి. పండుగ నాడు జమ్మి పట్టుకుని బిల్డింగులో అన్ని తలుపులూ తట్టాం. తాళం తాత పేరు, ముగ్గు అమ్మమ్మ పేరు తెలిశాయి. పాప ఒక నోటుబుక్కులో నాతో రాయించింది. స్కూటర్ సార్ వాళ్ళ తలుపుకు తాళం ఉంది. ఓనర్‌ను అడిగితే, ట్రాన్స్‌ఫర్ అయి పెత్రమాసకు ముందే ఖాళీ చేశారన్నారు. మేము చూసుకోలేదు.

పోయిన నెలలో పోస్ట్‌మ్యాన్ ఒక కవరు తెచ్చి ఒక పేరు చదివాడు. అప్పుడు గేటు దగ్గర నేనే ఉన్నాను. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరని చెప్పి పంపించేశాను. ఇవాళ ఓనర్ నోట అదే పేరు విన్నాను.